ముందు ఊరు, ఆ తరవాతే వంశం

1860 అక్టోబరు 12న మద్రాసు రేవులో బయలుదేరిన ట్రూరో ఓడ నవంబరు 16న డర్బన్ చేరింది. దక్షిణాఫ్రికాలోని నేటాల్ తోటల్లో పనికి కుదిరినవాళ్లు అందులో 342 మంది. వాళ్ల జాబితాను ఇవాళ ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో చదువుకోవచ్చు. మనిషికో వరుస: నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీది మచ్చలు. అలా ఓడెక్కిన మనిషికి ఊళ్లో ఉండిపోయిన అన్నో చెల్లెలో ఉంటే, వాళ్ల గురించి ఇంత వివరంగా రాసిన సర్కారు కాగితం దాదాపు ఉండదు. ఊరొదిలినవాడి మునిమనవడికి డర్బన్‌లో దొరికే ఆనవాలు, ఊరు కదలనివాడి మునిమనవడికి శ్రీకాకుళంలో దొరకదు. తెలుగు కుటుంబాల పూర్వీకులను ఆన్‌లైన్‌లో వెతకడమనే సమస్యకు మూలం ఈ తేడాలోనే ఉంది. మన పాత రికార్డుల్లో ఏదీ వంశాలను గుర్తుపెట్టుకోవడం కోసం పుట్టలేదు. పన్ను వసూలుకు ఒకటి, కూలీల అజమాయిషీకి ఒకటి, పోలీసు నిఘాకు మరొకటి పుట్టాయి. వాటన్నిటికీ లెక్క ఊరి పేరిట నడిచింది, ఇంటి పేరిట కాదు. అందుకే ఇంటి పేరు పట్టుకుని వెతికేవాళ్లు ఎంతో దూరం పోలేరు. ఊరిని పట్టుకుని, ఆ ఊరి లెక్కలు ఏ కాలంలో ఎవరు ఎందుకు రాశారో తెలుసుకున్నవాళ్లే తరం వెనక తరం వెళ్లగలరు.

వలస రికార్డులనే ముందు చూద్దాం. 1860 నుంచి 1911 దాకా నేటాల్ వెళ్లిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది, వాళ్లలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు నుంచి ఓడెక్కారు. ఫిజీకి 1879 నుంచి 1916 వరకు అరవై వేల పైచిలుకు మంది పోయారు. దక్షిణాది వాళ్లు అక్కడికి వెళ్లడం 1903 నుంచే. మారిషస్‌కు 1834 నుంచి సుమారు నాలుగున్నర లక్షల మంది చేరారు. వాళ్ల పత్రాలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థ ఆధ్వర్యంలో ఉన్నాయి, 1860ల నుంచి తీసిన ఫొటోలతో సహా. ఇంత శ్రద్ధగా రాయడానికి కారణం ప్రేమ కాదు. అయిదేళ్ల ఒప్పందం మీద తెచ్చుకున్న మనిషి పారిపోతే పట్టుకోవాలి, చనిపోతే లెక్క చెప్పాలి, గడువు తీరితే తేల్చాలి. అందుకే పుట్టుమచ్చ కూడా నమోదైంది. ఈ లెక్క ఎంత నిక్కచ్చిదో తెలుసుకోవాలంటే బర్మా వైపు చూడాలి. విశాఖపట్నం, గోదావరి, గంజాం జిల్లాల నుంచి కాకినాడ, భీమిలి, కళింగపట్నం రేవుల మీదుగా రంగూన్‌కు పోయిన తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లను తీసుకుపోయింది కూలీలను కుదిర్చే మేస్త్రీలు. ప్రభుత్వం పూచీపడిన ఒప్పందం లేదు కాబట్టి మనిషికో పాసు లేదు, తండ్రి పేరు రాసిన వరుస లేదు. దూరాన ఉన్న నేటాల్‌కు పోయినవాడి ఊరు తెలుస్తుంది, ఎదురుగా ఉన్న రంగూన్‌కు పోయి వచ్చినవాడి పేరు కూడా మిగల్లేదు. రికార్డు ఉండడం లేకపోవడం ఆ కుటుంబం గొప్పతనాన్ని బట్టి జరగలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఆడవాళ్ల విషయంలో ఈ సంగతి మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పంతొమ్మిదో శతాబ్దపు తెలుగు పల్లెలో స్త్రీ పేరు భూమి లెక్కల్లోకి ఎక్కడం అరుదు. సాధారణంగా భర్త పోయి, మైనరు కొడుకుకు సంరక్షకురాలిగా ఉంటేనే పట్టాలో చోటు. ఓడలకు మాత్రం నూరుమంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లు ఉండి తీరాలన్న నియమం ఉండేది. ఆ నియమం నెరవేరిందని చూపించడానికి ప్రతి స్త్రీకీ విడిగా ఒక నంబరు ఇచ్చారు, ఆమె పేరూ ఆమె తండ్రి పేరూ ఆమె ఊరూ రాశారు. ఒంటరిగా వెళ్లిన ఆడవాళ్లు ఆ జాబితాల్లో ఎందరో ఉన్నారు. మన వంశవృక్షాల్లో స్త్రీలు ఫలానావారి భార్యగా, ఫలానావారి తల్లిగా మాత్రమే కనబడతారు. అటువంటి కాలం నుంచి తన ఊరి పేరుతో తాను నిలబడిన స్త్రీ ఆనవాలు దొరకడం తెలుగు సామాజిక చరిత్రకు చాలా విలువైనది. సురేంద్ర భానా 1991లో ఓడ జాబితాల ఆధారంగా నేటాల్ వలస మీద వెలువరించిన గ్రంథం, ఈ పట్టికలను కుటుంబాల వెతుకులాటకే కాక ఊళ్ల చరిత్రకూ వాడుకోవచ్చని చూపింది.

ఇక ఊళ్లోనే ఉన్నవాళ్ల సంగతి. బ్రిటన్‌లో వంశాన్వేషణకు వెన్నెముక జనాభా లెక్కలే. ఇంటింటి పత్రాలను భద్రపరచి, నూరేళ్లు దాటాక విడుదల చేస్తారు. 1921 నాటివి 2022లో బయటికొచ్చాయి. మన దగ్గర 1871 నుంచి పదేళ్లకోసారి లెక్క తీసినా మిగిలినవి మొత్తం అంకెలే, ఇంటింటి పేర్లు కావు. 1948 జనాభా లెక్కల చట్టం వ్యక్తుల వివరాలను ఎవరికీ చూపకూడదని శాసించింది. జనన మరణాల నమోదు దేశమంతటా తప్పనిసరి అయింది 1969 చట్టంతోనే. కాబట్టి విదేశీ పద్ధతిని తెచ్చి ఇక్కడ వర్తింపజేసే మార్గదర్శకాలన్నీ మొదటి మెట్టులోనే నిష్ఫలమవుతాయి. మనకు మిగిలింది భూమి లెక్క. అదైనా అంతటా ఒకటిగా లేదు. రైత్వారీ పద్ధతి ఉన్న కడప, కర్నూలు, బళ్లారి, నెల్లూరు ప్రాంతాల్లో ప్రభుత్వం నేరుగా రైతు దగ్గర శిస్తు వసూలు చేసింది కాబట్టి రైతు పేరు సర్కారు పుస్తకంలో ఉంది. సర్వే చేసి, సుమారు ముప్పై ఏళ్లకోసారి మళ్లీ సెటిల్‌మెంట్ చేసి, రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు రాశారు. ఉత్తర సర్కారుల్లో 1802 శాశ్వత శిస్తు నిర్ణయంతో జమీందారీలు స్థిరపడ్డ చోట ప్రభుత్వానికి జమీందారు పేరు చాలు. రైతు పేరు ఎస్టేటు కచేరీ లెక్కల్లోనే ఉండిపోయింది, ఆ లెక్కలు చాలాచోట్ల చెదిరిపోయాయి. 1948 ఎస్టేటుల రద్దు చట్టం తరవాత సర్వేలు జరిగాకే ఆ గ్రామాల రైతులు ప్రభుత్వ రికార్డులోకి వచ్చారు. తెలంగాణలో ప్రభుత్వం నేరుగా శిస్తు తీసుకున్న దివానీ భూములకు సర్వే రిజిస్టరైన సేత్‌వార్, ఆపైన 1954-55 నాటి ఖాస్రా పహాణీ, దాని వెంట చెస్సలా పహాణీ ఉన్నాయి. జాగీర్లు 1949లో రద్దయ్యాయి. ఆ గ్రామాల్లో ఖాస్రా పహాణీయే చాలా కుటుంబాలకు మొట్టమొదటి గట్టి కాగితం. అందువల్ల ఏదైనా కుటుంబం వెతుకులాట మొదలుపెట్టేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే. ఆ ఊరు రైత్వారీయా, జమీందారీయా, ఇనామా, జాగీరా? దీనికి జవాబు దొరికితే ఎంత వెనక్కి వెళ్లగలమో, ఏ కార్యాలయం తలుపు తట్టాలో తెలిసిపోతుంది.

ఇనాం గ్రామాలవాళ్లు, ఇనాం భూములవాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. 1858లో మద్రాసు ప్రభుత్వం వేసిన ఇనాం కమిషన్ ప్రతి ఇనామునూ విచారించింది. ఇచ్చిందెవరు, ఎప్పుడు, ఎవరికి, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, మొదటి గ్రహీతకు ఇతనేమవుతాడు అన్నవన్నీ ఇనాం ఫెయిర్ రిజిస్టర్లో గళ్లు గళ్లుగా రాసింది. పూజారులు, వేదపండితులే కాదు, ఊరి సేవకు మాన్యం పొందిన మంగలి, చాకలి, కుమ్మరి, వెట్టి, తలారి కుటుంబాలవారూ అందులో ఉన్నారు. తెలుగు వంశ చరిత్రకు పంతొమ్మిదో శతాబ్దంలో ఇంతకంటే నమ్మదగిన సాధనం మరొకటి లేదనే నా అభిప్రాయం. ఇంటర్నెట్‌లో మాత్రం ఇవి దొరకడం కష్టం. ఆన్‌లైన్‌లో ఉన్నవల్లా ఇప్పటి హక్కుల లెక్కలు: ఆంధ్రప్రదేశ్‌లో 2015 నుంచి మీభూమి, తెలంగాణలో 2020లో వచ్చిన ధరణి, 2025లో దాని స్థానంలోకి వచ్చిన భూభారతి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచి చూసుకోవచ్చు. ఇవి నలభై చిల్లర ఏళ్ల సంగతులు. అయినా వీటిని తీసిపారేయడం పొరపాటు, ఎందుకంటే ఇవి సర్వే నంబరు ఇస్తాయి. పేర్లు మారతాయి, అక్షరాలు మారతాయి, మనుషులు ఊళ్లు మారతారు. సర్వే నంబరు మాత్రం మారిన చోట కూడా పాత నంబరుకూ కొత్త నంబరుకూ లంకె రాసిపెట్టే ఉంటుంది. ఆ నంబరుతో సబ్‌ రిజిస్ట్రారు కార్యాలయంలో పాత దస్తావేజు నకలు తీయించుకుంటే అందులో అమ్మినవారి తండ్రి పేరు, పిత్రార్జితమా స్వార్జితమా అన్న మాట, అన్నిటికీ మించి చెక్కుబందీ ఉంటుంది. తూర్పున ఫలానావారి భూమి, దక్షిణాన ఫలానావారి దొడ్డి అని రాసిన ఆ నాలుగు హద్దుల్లో, స్వయంగా ఏ దస్తావేజూ రాయించుకోనివాళ్ల పేర్లు కూడా నిలిచిపోయాయి. తన పూర్వీకుడి కాగితం దొరకనివాడు పక్క పొలం కాగితం చదవాలి.

ఊరిని గుర్తుపట్టడమే కష్టమైతే? విదేశాల నుంచి వెతికేవాళ్లకు అసలు చిక్కు ఇదే, కాబట్టి కాస్త నిలిచి చూడాలి. ఓడ జాబితాలో గంజాం అని ఉంటే ఆ మనిషి ఇవాళ్టి ఒడిశావాడని తేల్చేస్తారు. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి వైపు ప్రాంతం మద్రాసులోనే నిలిచి విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. ఉత్తర ఆర్కాడు అని ఉంటే తమిళుడనుకుంటారు. చిత్తూరు ప్రాంతం 1911 దాకా ఆ జిల్లాలోనిదే. 1859 నుంచి 1904 దాకా గుంటూరు విడి జిల్లా కాదు, అప్పట్లో ఆ ఊళ్లవాడు కృష్ణా జిల్లావాడిగానో నెల్లూరువాడిగానో నమోదై ఉంటాడు. 2022లో ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 13 నుంచి 26కు పెరిగాయి. తెలంగాణలో పది జిల్లాలు 33 అయ్యాయి. చికాకోల్ అంటే శ్రీకాకుళం, కొకనాడ అంటే కాకినాడ, బిమ్లిపటం అంటే భీమునిపట్నం అన్నది తెలిసినవాడికి సులువే గానీ, గుమాస్తా చెవికి వినబడ్డట్టు ఇంగ్లీషులో రాసిన చిన్న పల్లె పేరును తిరిగి తెలుగులోకి తేవడం సులువు కాదు. పైగా కూలీ చెప్పింది తన పల్లె పేరు, సర్కారు లెక్కలో ఉండేది రెవిన్యూ గ్రామం పేరు. శివారు పల్లెలు జాబితాల్లో కనబడవు. కొత్తపేటలు, రామాపురాలు, కొత్తవలసలు జిల్లాకు అరడజను. కొన్ని ఊళ్లు కరువులకో తుఫానులకో ఖాళీ అయి బేచిరాగ్ గ్రామాలుగా పేరు మాత్రం మిగిల్చాయి. ఇక్కడే పాత స్థానిక చరిత్ర గ్రంథాల అవసరం పడుతుంది. కార్‌మైకేల్ 1869లో రాసిన విశాఖపట్నం మాన్యువల్, బాస్వెల్ 1873 నెల్లూరు మాన్యువల్, గోర్డన్ మెకంజీ 1883 కృష్ణా మాన్యువల్, హెమింగ్‌వే 1907 గోదావరి గెజెటీర్ వంటివి స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టినవే. వాటిలో ఏ ఒక్క సామాన్య కుటుంబం పేరూ ఉండదు. కానీ ఏ తాలూకాలో ఏ ఎస్టేటు ఉండేది, ఏ ఏడు కరువొచ్చింది, ఏ రేవు నుంచి మనుషులు వలసపోయారు అన్నవి ఉంటాయి. ఆ వివరాలతోనే నాలుగు రామాపురాల్లో మూడింటిని పక్కన పెట్టగలం.

ఊరు తేలాక మనిషి. తెలుగు పేర్ల తీరే పరిశోధకుణ్ణి ఒకచోట ఆదుకుని మరోచోట తప్పుదారి పట్టిస్తుంది. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం వల్ల ఒక తరం తప్పించి ఒక తరంలో అదే పేరు, అదే తండ్రి పేరు వస్తాయి. అప్పలనాయుడు కొడుకు సన్యాసినాయుడు, అతని కొడుకు అప్పలనాయుడు, అతని కొడుకు మళ్లీ సన్యాసినాయుడు. 1860ల రిజిస్టర్లోని పేరూ 1920ల రిజిస్టర్లోని పేరూ ఒకే మనిషివనుకుని రెండు తరాలు మింగేసిన వంశవృక్షాలు ఇలాగే పుడతాయి. మరోవైపు ఓడ జాబితాల్లో సాధారణంగా ఇంటి పేరు రాయలేదు. నేటాల్లో తరాలు గడిచేసరికి నాయుడు అన్నది వేల కుటుంబాలకు ఇంటి పేరైపోయింది, అసలు ఇంటి పేర్లు చాలామందికి జ్ఞాపకం కూడా లేవు. అందువల్ల నాయుడు అన్న పేరుతో ఆంధ్రదేశంలో చుట్టాలను వెతకడం నిష్ప్రయోజనం. నంబరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలిసి వస్తేనే అది ఆధారం, రెండే కలిస్తే అది ఊహ. ఆ తేడాను వంశవృక్షంలో కనబడేలా రాసుకోవాలి.

భూమి లేనివాళ్ల మాటేమిటన్నది ఈ వాదానికి ఎదురయ్యే అతి గట్టి ప్రశ్న. ఊరి లెక్క చూడమంటే, ఊరి లెక్కలో చోటే ఇవ్వని కులాలవాళ్లు ఏం చూడాలి? ఈ ఆక్షేపణలో నిజముంది, దాన్ని దాటవేయకూడదు. వాళ్ల పేర్లు దొరికేది వేరేచోట. 1878 జూలై 3న, కరువు రోజుల్లో, ఒంగోలు బాప్టిస్టు మిషన్ వారు గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వాళ్లలో అత్యధికులు మాదిగలు. లూథరన్ మిషన్ 1842 నుంచీ గుంటూరులో ఉంది. మిషన్ల పుస్తకాల్లో పేరు, ఊరు రాసుకున్నారు కాబట్టి కోస్తాలో ఎన్నో దళిత కుటుంబాలకు పట్టా కంటే చర్చి రిజిస్టరు ముందుంది. అంతకంటే వెనక్కి వెళ్లాలంటే కాగితం చాలదు, నోటి మాట కావాలి. మాదిగలకు డక్కలివారు, పద్మశాలీలకు కూనపులివారు, రెడ్లకూ కాపులకూ వంశరాజులు, ఇలా ఎన్నో కులాలకు గోత్రాలు చదివే ఆశ్రిత గాయకులు ఉన్నారు. ఏ ఊళ్లో ఏ ఇంటివాళ్లు ఉన్నారో, ఏ ఊరి నుంచి వచ్చారో వాళ్ల వంశపారంపర్య మిరాశీ హక్కును బట్టి గుర్తుంచుకోవాల్సిన అవసరం వాళ్లకు ఉంది. వాళ్ల కథలోని పురాణ భాగాన్ని చరిత్రగా తీసుకోకూడదు. ఊళ్ల వరుసను మాత్రం తప్పకుండా రాసుకోవాలి, ఎందుకంటే వాళ్ల జీవనం ఆ వరుస మీదే ఆధారపడింది. ఈ గాయకుల సంఖ్య ఏటేటా తగ్గుతోంది. స్కానింగు యంత్రాల కోసం ఎదురుచూసే కాగితాల కంటే వాళ్ల గొంతు రికార్డు చేయడమే ముందు జరగాల్సిన పని.

వంశాన్వేషణ కులగర్వానికి ఎరువు వేస్తుందని కొందరంటారు. కైఫీయత్తులో ఒక పేరు, శాసనంలో ఒక పేరు చూపించి తమది ఫలానా రాజుల వంశమని చెప్పుకునేవాళ్లు ఎక్కువైన మాట నిజమే. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో కాలిన్ మెకంజీ సేకరించిన కైఫీయత్తులు అపూర్వమైన సంపద. కడపలో సి.పి. బ్రౌన్ కేంద్రం తమ జిల్లావి సంపుటాలుగా అచ్చువేసింది. కానీ అవి కరణాలు దండకవిలెలు (ఊరి పాత లెక్కలు) చూసి, విన్నది కలిపి రాసిన ఊరి కథలు. ఊరి గుడి ఎవరు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు అన్నవాటికి పనికొస్తాయి. దక్షిణ భారత శాసనాల పదో సంపుటం నిండా తెలుగు దాతల పేర్లున్నాయి. ఆ దాతకూ ఇవాళ్టి కుటుంబానికీ మధ్య ఆరేడు వందల ఏళ్ల ఖాళీని పూడ్చే పత్రం ఏదీ లేదు. నిజాయితీగా వెతికితే సామాన్య తెలుగు కుటుంబం వంశం పత్రాల మీద 1850ల దగ్గర, అదృష్టముంటే 1800 దగ్గర ఆగిపోతుంది. రాజవంశపు కథలకు మందు ఆధారాలను మూసివేయడం కాదు, వాటిని అందరికీ తెరవడం. ఊరి ఇనాం రిజిస్టరు ఎదురుగా ఉంటే కల్పిత వంశావళి నిలవదు.

డీఎన్‌ఏ పరీక్ష ఉండగా ఈ శ్రమంతా ఎందుకన్న మాట కూడా వినబడుతోంది. డర్బన్‌లోనో ఫిజీలోని సువాలోనో ఉన్నవాడికీ రాజమండ్రిలో ఉన్నవాడికీ రక్తసంబంధం ఉందని ఆ పరీక్ష చెప్పగలదు. అయితే ఇద్దరూ పరీక్ష చేయించుకుని ఉండాలి. మనవాళ్లలో మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు తరతరాలుగా ఉన్నందువల్ల దూరపు చుట్టరికం కూడా దగ్గరిదిలా కనబడుతుంది. హైదరాబాదు సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2009లో వెలువరించిన అధ్యయనం, వైశ్యుల్లో నూరు తరాలకు పైగా బయటి పెళ్లిళ్లు చాలా తక్కువని తేల్చింది. అటువంటి చోట రక్తం కులాన్ని చూపుతుంది, తాతను చూపదు. ఊరి పేరు చెప్పడం దానివల్ల అసలే కాదు.

గోప్యత గురించిన భయం మాత్రం న్యాయమైనది. 1911 నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల, యానాది తదితర కుటుంబాల పేర్లు, వేలిముద్రలు పోలీసులు నమోదు చేశారు. స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్‌మెంటే. ఆ చట్టం 1952లో రద్దయినా మచ్చ పోలేదు. ఆ రిజిస్టర్లను పేరుతో వెతికే వీలుగా ఆన్‌లైన్‌లో పెడితే మనవలకు హాని జరుగుతుంది. వాటిని ఆ కుటుంబాలు అడిగితేనే చూపాలి. ఇనాం, సెటిల్‌మెంట్ రిజిస్టర్లకు ఈ అభ్యంతరం వర్తించదు. వాటిలో నూరేళ్లు దాటిన ప్రతిదాన్నీ హైదరాబాదు తారనాకలోని తెలంగాణ ఆర్కైవ్స్‌లోనూ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఆర్కైవ్స్‌లోనూ, కలెక్టరేట్ల రికార్డు గదుల్లోనూ ఉన్నది ఉన్నట్టు స్కాన్ చేసి ప్రజల ముందు పెట్టాలి. దీని అవసరం ఇప్పుడు భావోద్వేగాలకే పరిమితం కాదు. మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం వరకు ఓసీఐ కార్డు ఇస్తామని 2024 మార్చిలో ప్రకటించారు, ఏడు తరాలు నిరూపించుకోవడానికి కాగితాలే ఆధారం. అయితే స్కాన్ చేసి పేర్ల సూచిక ఒక్కటి చేస్తే చాలదు. మొదట చేయాల్సింది ఊళ్ల సూచిక: ప్రతి పల్లెకూ తెలుగు లిపిలో పేరు, పాత ఇంగ్లీషు రాతల్లో దాని రూపాలన్నీ, 1860లో ఏ తాలూకా, 1936లో ఏ జిల్లా, 1950లో ఏ జిల్లా, ఇప్పుడు ఏ మండలం, ఏ రెవిన్యూ గ్రామానికి శివారు, ఏ పద్ధతి భూమి. ఒక్కో తాలూకాకు ఒక్కో విశ్వవిద్యాలయపు చరిత్ర శాఖ, రిటైరైన తహసీల్దార్లు, సర్వేయర్లు కలిస్తే ఇది అయ్యే పనే. నేటాల్ జాబితాల్లో ఎక్కువగా కనబడే విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాడు తాలూకాలతో మొదలుపెట్టడం మంచిది, అక్కడి పల్లెల పేర్లను అడుగుతున్నవాళ్లు సముద్రానికి రెండు వైపులా ఉన్నారు కాబట్టి.